బల్బు తీసేసినా మీటర్ ఆగలేదు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మా టెస్ట్ రూమ్ తలుపు వేసి, కిటికీ తెరలు దించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కదపకుండా కూర్చున్నాను. ఆ చీకట్లో ఒక బల్బుతో మాట్లాడాను.

అది 2024 వేసవి. తిరుపతిలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో నాది టెక్నీషియన్ ఉద్యోగం. స్మార్ట్ బల్బును ఆర్పినా అది పూర్తిగా నిద్రపోదు. ఫోన్ నుంచి పిలుపు ఎప్పుడు వస్తుందోనని వింటూనే ఉంటుంది. అందుకు వాడుకునే కాస్త కరెంటునే స్టాండ్‌బై పవర్ అంటాం. అది క్షణానికో తీరుగా మారుతుంది కాబట్టి చాలాసేపు కొలిచి సగటు తీస్తాం.

నగరిలో మరమగ్గం నడిపే మునస్వామిగారు అలాంటి బల్బును తువ్వాల్లో చుట్టుకుని, భార్య ఫోన్‌తో సహా తెచ్చారు. మెడ దగ్గర వెన్ను దెబ్బతిని ఆమె కాళ్లూ చేతులూ కదలవు. నిద్రలో ఊపిరి అందించే మెషిన్ ఉంది. కరెంటు పోతే అది ఇన్వర్టర్ మీదే నడవాలి.

"ఇది ఆరిపోయినా బ్యాటరీని తింటాదంట గదా పాపా. మా తమ్ముడు పీకేయమంటాడు. మిసను ఆగిపోతే ఎవురు జవాబు?"

"తీసేస్తే ఆమెకు ఇబ్బందా?" మెల్లగా అడిగాను.

ఆయన తువ్వాలు మడతపెట్టారు. "కనకమ్మ తనంతట తాను చేసుకునే పని అదొగటే మిగిలుండాది. నోటితో సెప్తే ఎలగతాది. బువ్వ నేను పెట్టల్ల, ఈగ నేను తోలల్ల. లైటు మాత్రం నన్నడగదు."

బల్బు కొన్నప్పటి ఖాళీ పెట్టె కూడా తెచ్చారు. దాని మీద, ఆరి ఉన్నప్పుడు అర వాట్ లోపే అని రాసి ఉంది. మీటర్ అంతకు మించి చూపించింది.

"సూసినావా? దొంగ బల్బు. పీకేస్తాలే. రిపోర్టు రాసీ తల్లీ" అని ఆయన టీ తాగడానికి వెళ్లారు.

నేను తలుపు వేసుకున్నది అప్పుడే. లైటు వెయ్యమని కనకమ్మగారి ఫోన్‌కు వినపడేలా అన్నాను. వెలగలేదు. నా మాట మనుషులకే సరిగా వినపడదు. రెండోసారి గట్టిగా అడిగాను. గదంతా వెలుతురు వచ్చింది. చేతులు మాత్రం ఒళ్లో అలాగే ఉన్నాయి. రిపోర్టు రాయబుద్ధి కాలేదు.

హోల్డర్ నుంచి బల్బు విప్పేశాను. మీటర్ సున్నాకు రావాలి. రాలేదు. మీటర్‌కూ హోల్డర్‌కూ మధ్య పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ మీద గోరంత ఎర్ర ఇండికేటర్ వెలుగుతోంది. ఫ్రిజ్‌లు, మోటార్లు కొలిచేటప్పుడు దాన్ని ఎవరమూ పట్టించుకోం. ఇక్కడ అది దాదాపు ఆరి ఉన్న బల్బంత తింటోంది. బాక్సు తీసేసి, నేరుగా తీగ కలిపి, చాలాసేపు మళ్లీ కొలిచాను. అర వాట్ లోపే.

ఆయన టీ తాగి రాగానే, తప్పు మా బాక్సుదని చెప్పాను. "ఆరి ఉన్నప్పుడు రాత్రంతా ఇది తినేది, మీ మెషిన్ కొద్ది నిమిషాలు నడిచేంత. అసలు తినదని మాత్రం చెప్పలేనండీ" అన్నాను.

ఆయన బల్బును తువ్వాలుతో తుడిచారు. "ఆ కాసింత ఆయమ్మది. తిననీలే."

సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని కొలిచే ముందు, అది లేకుండా ఒకసారి కొలవాలి. ఇప్పుడు నా ప్రతి టెస్టూ ఖాళీ హోల్డర్‌తోనే మొదలవుతుంది.

మర్నాడు పగలు ఆయన ఫోన్ చేసి, ఆమె చెవి దగ్గర పెట్టారు. కనకమ్మగారి గొంతు నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ చలికాలం జ్వరం వచ్చి ఆమె పోయారు.

"ఇను పాపా" అని, లైటు వెయ్యమని పక్కనున్న తన ఫోన్‌కు చెప్పారు. వెనక మునస్వామిగారు ఏదో గొణిగారు. ఆమె నవ్వారు.

"ఎలిగింది పాపా. పట్టపగులు లైటేంటికని అరస్తా ఉండాడు సూడు మా ఇంటాయన. నా లైటు, నా ఇష్టమని నువ్వన్నా సెప్పు."