ఫిల్టరు మార్చకుండా గూడెం మీదుగా కొల్లేరు

నిక్షేపంలా నడుస్తున్న నా స్కూటర్‌లోంచి, ఏ పాపమూ ఎరగని పెట్రోలు ఫిల్టరును పీకి పారేసి కొత్తది వేయించుకోమన్నారు. ఇది అన్యాయం.

ఏలూరులో నేను బండి సర్వీసుకిచ్చే చోట, కౌంటర్ వెనక కూర్చున్న మేనేజరు అన్న మాట ఇది.

"పాడైందా?" అని అడిగాను.

"పాడవలేదండీ."

"పెట్రోలు ఆపుతోందా?"

"లేదండీ."

"మరెందుకు మార్చడం?"

"ముందుజాగ్రత్తండీ. దాని వయసైపోయిందండీ."

నాకు డెబ్భై నాలుగు నిండాయి. వయసైపోయిందని నన్ను కూడా మార్చేస్తారా అన్నాను. "అయ్యో, మీకేమండీ" అన్నాడు గాని, ఫిల్టరు మాట మాత్రం వదల్లేదు.

స్కూటర్ లేని పాఠకులుంటారు కనుక చెబుతున్నాను. ట్యాంకు నుంచి ఇంజనుకి పెట్రోలు వెళ్ళే రబ్బరు గొట్టం మధ్యలో బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఉంటుంది. లోపల కాగితం మడతలుంటాయి. నలుసులూ తుప్పూ ఇంజనులోకి పోకుండా పట్టుకోవడం దాని పని. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణే గాని, బండితో ఇచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. పైగా నా బండికి ఆ డబ్బీతో పనే తక్కువ. ఏలూరులో నలభై ఏళ్ళు బట్టల కొట్టు నడిపాను. నూలు సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. పెట్రోలు పోయించుకునేటప్పుడల్లా ట్యాంకు మూతి మీద పాత పంచె ముక్క రెండు మడతలు వేసి, దాని మీద పోయిస్తాను. అందులోంచి దూరే నలుసు ఇంతవరకూ పుట్టలేదు.

ఈ మాటే మా అబ్బాయికి చెప్పాను. వాడు కొంతకాలంగా నా బండి మీద కన్నేశాడు. "ఫిల్టరైనా మార్పించండి నాన్నగారూ, బండి తోలడమైనా మానేయండి. అమ్మని వెనకాల ఎక్కించుకుని హైవే మీద ఆగిపోతే ఏం చేస్తారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఇదే ఫిల్టరుతో తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కణ్ణించి కొల్లేరు దాకా పోయి, సాయంత్రానికి తిరిగొస్తాను. దారిలో ఒక్కసారి ఆగినా తాళం నీ చేతిలో పెట్టేస్తాను. ఆగకపోతే మళ్ళీ ఈ ఊసెత్తకూడదు" అన్నాను.

"సరేనండి. అమ్మే సాక్షి" అన్నాడు.

అమ్మ అంటే మా ఆవిడ వరలక్ష్మి. తమ్ముడు తాడేపల్లిగూడెంలోనూ, అక్క కొల్లేటి లంకలోనూ ఉన్నారు కనుక ఆవిడకి ఎలాగూ వెళ్ళాలని ఉంది. సాక్షి లోపలికెళ్ళి సంచి సర్దుకుంది. ఆ సంచి సంగతి కూడా చెప్పాలి. నిమ్మకాయలు, చాకు, టార్చిలైటు, తలనొప్పి మందు, పిన్నీసులు, చిరిగిన తువ్వాలు, ఇవన్నీ లేకుండా ఆవిడ వీధి చివరికి కూడా కదలదు.

ఉదయం ఆరింటికి బయల్దేరాం. మొదటి మజిలీ పెట్రోలు బంకు. అక్కడివాళ్ళకి నేను తెలుసు. "గుడ్డ తెచ్చారాండీ తాతగారూ?" అని అడిగి మరీ పైపు అందుకుంటారు. పంచె ముక్క పరిచాను. పెట్రోలు దాని మీద నిలిచి నిలిచి దిగుతోంది. వెనక లైనులో ఆటోవాడు ఓపిక పట్టలేకపోయాడు.

"ఏవండీ, పెట్రోలు పోయించుకుంటున్నారా, చారు వడగడుతున్నారా?"

"నీ ఆటో దగ్గినప్పుడు తెలుస్తుందిలే" అన్నాను. వెనక సీటు మీంచి వరలక్ష్మి నవ్వినట్టు వినిపించింది. ఆటోవాడి మాటకో, నా మాటకో తెలియదు.

ఈ దారిన స్కూటర్ మీద వెళ్ళదలచినవారికి ఒక మాట. ఎండ ముదరకముందే భీమడోలు దాటేయండి. తరవాత లారీల గాలికి బండి పక్కకి నెట్టుకుపోతుంది. మేము కైకరం దగ్గర ఆగి ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ మెత్తగా ఉంది, అల్లప్పచ్చడిలో బెల్లం ఎక్కువైంది. ఎనిమిదిన్నరకల్లా గూడెంలో ఉన్నాం. బండి ఒక్కసారి దగ్గితే ఒట్టు.

బావమరిది సత్తిబాబుకి ఉల్లిపాయల మార్కెట్లో కొట్టుంది. బస్తాల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. పాత రోజుల్లో స్కూటర్ విప్పి మళ్ళీ బిగించినవాడు కనుక అతన్నే సూటిగా అడిగాను.

"పాడవని ఫిల్టరు మార్చాలా, అక్కర్లేదా?"

"మార్చినా మంచిదేనండి బావగారూ. మార్చకపోయినా మంచిదేనండి."

"రెండిట్లో ఒకటి చెప్పవయ్యా!"

"తమరేదంటే అదేనండి. నాదీ అదే మాటండి."

మా వైపు మర్యాదలో ఉన్న పెద్ద లోపం ఇదే. పెద్దవాడి ముందు అవునూ అనరు, కాదూ అనరు. నిజం కావాలంటే ముందు మన వయసు తగ్గించుకుని వెళ్ళాలి. "మీ తమ్ముడికి నోట్లో నాలుకే లేదా?" అన్నాను బయటికొచ్చాక.

"మన పెళ్ళిలో మీరు అలిగితే బతిమాలింది వాడేనండీ. అప్పట్నుంచీ అంతే" అంది వరలక్ష్మి. యాభై ఏళ్ళ నాటి మాట! నేను అలిగింది కూడా న్యాయమైన విషయం మీదే. నాకు వేసిన విస్తరి చిల్లుది.

వదినగారికిమ్మని సత్తిబాబు ఒక ఉల్లిపాయల మూట నా కాళ్ళ దగ్గర పెట్టాడు. దాన్ని మోకాళ్ళతో పట్టుకుని గణపవరం చేరేసరికి పదిన్నర. టీ కొట్టు దగ్గర నాలాంటి స్కూటరే పెట్టుకుని ఒక టీచరమ్మ నిలబడి ఉంది. ఆవిణ్ణీ అడిగాను.

"మీ బండికి ఫిల్టరు మార్పించారామ్మా?"

"మా బండికి ఫిల్టరుంటుందాండీ?" అందావిడ.

ఉందని కూడా తెలియకుండా ఆ తల్లి రోజూ బడికి వెళ్ళొస్తోంది! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వరలక్ష్మి వైపు చూశాను. ఆవిడ టీ గ్లాసులోకి చూస్తోంది.

గణపవరం దాటాక రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద అక్కడక్కడా కొబ్బరిచెట్లు, నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతూ లేపుతున్న నురగ. ఒకప్పుడు ఈ దారిలో వరి చేలు చూశాను. ఇప్పుడు కొల్లేరు ఎక్కడ మొదలవుతుందో, చెరువులు ఎక్కడ ఆగుతాయో తెలియడం లేదు. ఆ సంగతే వెనక్కి తిరిగి చెబుతుంటే బండి చిన్నగా దగ్గింది.

"ఏంటండీ?"

"ఉల్లిపాయల బరువు."

మళ్ళీ దగ్గింది. ఆక్సిలరేటర్ తిప్పినకొద్దీ నీరసపడిపోయింది. చివరికి ఒక చెరువు గట్టు పక్కన, నీడంటూ లేని చోట, ప్రాణం విడిచింది. కాసేపు ఆగి సెల్ఫ్ నొక్కితే లేచింది. ఓ బస్సు పొడవంత దూరం నడిచి మళ్ళీ పడుకుంది. ఇలా మూడు విడతలు. వరలక్ష్మి దిగి, కొంగు నెత్తిన కప్పుకుని, నీళ్ళలో నిలబడ్డ గూడబాతుల్ని చూస్తోంది. సాక్షి అన్నాక చూడాల్సింది బండిని గదా! ఆవిడ పక్షుల్నే చూస్తోంది. అబ్బాయి మొహం నా కళ్ళ ముందు మెదిలింది. జేబులో తాళం కాలుతున్నట్టనిపించింది.

ఎదురుగా మోపెడ్ మీద ఒకాయన వచ్చి ఆగాడు. పేరు ఏసుపాదం, ఆ చెరువు కౌలుకి తీసుకున్నది ఆయనే. వంగి చూసి, "ఫిల్టరు పూడుకుపోయినట్టుందండీ" అన్నాడు.

"అది పాడవలేదు" అన్నాను.

"పాడవలేదండీ. నిండిపోయిందండీ" అని స్క్రూడ్రైవరుతో క్లిప్పులు వదులు చేసి డబ్బీ ఊడదీశాడు. ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. లోపల గోధుమరంగు బురద, దాని చుట్టూ తెల్లగా ఏదో నూగు.

"ఇందులోకి దూదెలా వచ్చిందండీ?"

అది నా పంచె నూగేనని ఎవరూ రుజువు చేయలేదు. ఆ మాట అక్కడే అన్నాను. వరలక్ష్మి నిదానంగా వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టి నిమ్మకాయలు పక్కకి తోసి, చాకు పక్కకి తోసి, అట్ట పెట్టె విప్పని కొత్త ఫిల్టరు తీసి ఏసుపాదం చేతిలో పెట్టింది.

అది సంచిలోకెప్పుడు చేరిందో నాకు తెలియదు.

ఆయన కొత్తది బిగిస్తుంటే, ఊరుకోలేక అడిగాను. "మీరు మారుస్తుంటారా, పాడవకముందే?"

"చెరువు మీద జనరేటరుకి ఏటా మార్చేస్తానండి, బాగున్నా సరే. ఈ మోపెడ్‌కి ఎప్పుడూ మార్చలేదండి."

"అదేం న్యాయం?"

"మోపెడ్ ఆగితే తోసుకుపోతానండి. కరెంటు పోయిన రాత్రి జనరేటరు ఆగితే నీళ్ళలో గాలి ఆడక తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోతాయండి. వాటినెక్కడికి తోసుకుపోనండి?" అని, ఎండలో నిలబడ్డ వరలక్ష్మిని ఓసారి చూసి, "అమ్మగారిని ఆ మలుపులో తాటిచెట్టు నీడకి వెళ్ళమనండి" అన్నాడు.

బండి మొదటి నొక్కుకే లేచింది. అంత బుద్ధిగా లేవడం నాకు మరింత కోపం తెప్పించింది. "ఫిల్టరు సంచిలో ఉందని ఇంట్లోనే ఎందుకు చెప్పలేదు?" అని వరలక్ష్మిని అడిగాను. ఆవిడ ఉల్లిపాయల మూట సర్దుతూ, "పదండి, అక్క ఎదురుచూస్తుంది" అంది.

వదినగారింట్లో కొరమీను పులుసు. ఆ పులుసు కోసం ఆ గట్ల మీద ఎవరైనా, ఏ బండి మీదైనా వెళ్ళవచ్చు. భోజనాల దగ్గర వరలక్ష్మిని మళ్ళీ అడిగాను, నెమ్మదిగా. "ఇంకాస్త వేయించుకోండి" అంది. మాకు ఆలస్యమైందేమని వదినగారు అడిగితే, "దారి బాగుందక్కా, చూస్తూ వచ్చాం" అంది.

మూడింటికి తిరుగు ప్రయాణం. వాళ్ళనీ వీళ్ళనీ దారి అడుగుతూ గుండుగొలను దగ్గర హైవే ఎక్కాం. అక్కడ టీ తాగుతుండగా అబ్బాయి ఫోను. వరలక్ష్మి స్పీకరు పెట్టింది.

"బండి ఎక్కడైనా ఆగిందామ్మా?"

నేను తాళం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. మాటంటే మాటే.

వరలక్ష్మి తాళం వైపు చూసింది. "మేమే ఆగాంరా, గూడబాతుల్ని చూద్దామని. చక్కగా ఉన్నాయి. నువ్వూ కోడల్ని తీసుకెళ్ళు" అంది. ఫోను పెట్టేసి, తాళం తీసుకుని సంచిలో వేసుకుంది. నేను లేచి బండి దగ్గర నిలబడ్డాను. తాళం లేకుండా ఎంతసేపు నిలబడతాను? చివరికి చెయ్యి చాపితే, సంచిలోంచి తీసిచ్చింది. అప్పటి నుంచీ అదే ఆనవాయితీ. బండి తీయాలంటే నేను ఆ సంచిని అడగాలి.

ఈ ప్రయాణం మీద నా అభిప్రాయం అడిగితే, దారి మంచిదే, గట్ల మీద నీడ లేదు, గూడబాతులు చూడదగ్గవి. ఆగని బండికి ఫిల్టరు మార్చమనడం అన్యాయమని ఇప్పటికీ అంటాను. పంచె ముక్క మాత్రం ఇస్త్రీ బల్ల తుడవడానికి ఇచ్చేశాను.

దెందులూరు దాటి ఏలూరు పొలిమేరలోకి వచ్చాక, గాలి తగ్గిందని చూసి ఆఖరిసారి అడిగాను. "ఇంట్లోనే చెప్పి ఉండొచ్చు గదా?" వెనక నుంచి కాస్త ముందుకి వంగి, చెవి దగ్గర జవాబు చెప్పింది.

"చెబితే మీకు కోపమొచ్చి, నన్ను బస్సెక్కించి మీరొక్కరే బయల్దేరేవారండీ. బండి ఎలాగూ ఆగేది. అప్పుడు మీరు చెరువు గట్టున ఉండేవారు, ఫిల్టరూ నేనూ బస్సులో ఉండేవాళ్ళం."