అత్త గొంతు మీద ఎన్నికల పాట

మల్కాపురంలో మావయ్య నడిపిన రికార్డింగు స్టూడియోలో టేపులన్నిటినీ సముద్రపు ఉప్పుగాలి తినేసిందని మొన్న ఆయన సంస్మరణ సభలో ఒక పెద్దమనిషి మైకులో సెలవిచ్చాడు. అందరూ తలలూపారు. పాపం ఉప్పుగాలి, ఎదురు చెప్పదుగా. అది కిటికీ ఊచల్ని తిన్నమాట నిజం. టేపుల జోలికి మాత్రం రాలేదు.

మావయ్య పోర్టులో పనిచేస్తూ, ఓడలవాళ్ల దగ్గర సోల్ పాటల రికార్డులు సంపాదించాడు. అమెరికాలో నల్లవాళ్ల చర్చిల్లోంచి వీధిలోకొచ్చి, ప్రేమనూ బతుకు గోడునూ దాచుకోకుండా చెప్పే పాటలవి. అలాంటివి తెలుగులో పాడించాలని ఇంటి ముందుగది గోడలకు గోనెపట్టాలు కొట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. చర్చిలో బుద్ధిగా కీర్తనలు పాడుకునే అత్తను తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టాడు. చప్పుడు పడకూడదని ఫేను ఆపేసేవారు. పక్కనున్న రిఫైనరీ వాసనా, గోనె వాసనా, చెమటా కలిసి ఆ గది ఉడికేది.

"అంత నాజూగ్గా పాడతావేటే, గుండెలోంచి రావాల," అనేవాడు మావయ్య.

"గుండె ఉడికిపోతంది, ముందు ఫేనెయ్యండి," అనేది అత్త. అలా అంటూనే కళ్లు మూసుకుని అందుకుందంటే, గుమ్మంలో కూర్చున్న నాకు ఒళ్లు జలదరించేది.

ఆ పాటలు కావాలన్నవాళ్లు లేరు. ఎన్నికల ప్రచారం పాటలు చేయించుకునేవాళ్లు బోలెడు. ఒకసారి వాళ్లొచ్చి కూర్చునేసరికి కొత్త టేపు లేదు. అత్త పాడిన టేపు మీదే మావయ్య ఆ ప్రచారం ఎక్కించేశాడు. నేను గొడవపడితే, "మీ అత్త ఇంట్లోనే ఉంది గదేటే, మళ్లీ పాడిద్దాం," అన్నాడు. అత్త కూడా నవ్వింది. "నా గొంతెక్కడికి పోతాదే?" అంది. ఆ ధీమాతోనే ఒక్కో టేపూ చెరిగిపోయింది. కాపీ తీయాలని ఎవరికీ తోచలేదు. ఇంట్లో తిరిగే మనిషికి కాపీ ఎందుకు?

తర్వాత గొంతులో కాన్సరని అత్తకు స్వరపేటిక తీసేశారు. మొన్న సభ అయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకుని, తన గొంతు తాకి, చెవి తాకింది. ఒక్క పాటైనా దొరికిందా అని. ఎవరింట్లోనైనా ఒక టేపు మిగిలిందేమోనని అప్పటికే భీమిలి దాకా తెలిసినవాళ్లందరినీ అడిగొచ్చాను. తల అడ్డంగా ఊపాను. అయినా ఆమె నా చెయ్యి వదల్లేదు.

కాలం అన్నిటినీ చెరిపేస్తుందంటారు. దానికి అంత శ్రమ ఇవ్వకుండా మనమే చెరిపేసుకున్నవి ఎన్నో. మావయ్య ఉంటే ఒక్కటే అడిగేదాన్ని: ఆ ఆఖరి టేపు చెరిపేముందు, దాన్ని ఒక్కసారైనా చివరిదాకా విన్నావా?