అక్క పదకొండుమంది కోసం పాడిన వేలంపాట

పోయిన వారం మధ్యాహ్నం భోజనాలై నేను కాస్త నడుం వాల్చబోతుంటే కొరియర్ అతను వచ్చి, సంతకం పెట్టించుకుని, ఒక కవరు చేతిలో పెట్టి వెళ్లాడు. కవరు విప్పితే రెండు అట్టముక్కలు, వాటి మధ్య ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన పాతకాలపు క్రికెట్ బొమ్మ ఒకటి. నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మన చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో గమ్‌తోపాటు ఒక ఆటగాడి బొమ్మ వచ్చేది, వెనకవైపు ఆయన చేసిన పరుగులూ తీసిన వికెట్లూ అచ్చేసి ఉండేవి, ఆ బొమ్మే ఇది. మా ఆవిడ దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి ఎంత పెట్టావని అడిగింది. నేను సగమే చెప్పాను. ఆ సగానికే మంచి గ్రైండరు వచ్చేదని చెప్పి ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. అది నేను కొన్న బొమ్మల్లో ఆఖరుది, దాంతో పదకొండూ పూర్తయ్యాయి.

నవ్వేవాళ్లు నవ్వొచ్చుగాని, నేను ముప్పైయేళ్లు స్టీల్‌ప్లాంటులో కడ్డీలు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషిని. వంచి చూడనిదే, లాగి చూడనిదే, ఏ గ్రేడో కాగితం మీద పడనిదే ఒక్క కడ్డీని కూడా ముందుకు కదలనిచ్చేవాణ్ని కాదు, ఎంత పెద్ద ఆఫీసరు తొందరపెట్టినా రిపోర్టు రానీండి సార్ అనేవాణ్ని. అటువంటివాణ్ని ఈ వయసులో ఫోన్లో వేలాల యాప్ పెట్టుకుని ఫోటో చూసి అట్టముక్కలు కొన్నాను. వీటికీ గ్రేడులుంటాయట, భూతద్దం పెట్టి మూలలూ అంచులూ చూసి పదికి ఇన్నని మార్కులేసి పెట్టెలో సీలు వేసేవాళ్లున్నారట. మన గమ్ పొట్లాల బొమ్మలకు ఆ యోగం ఎక్కడిది? అమ్మేవాడు పాతదే, బాగానే ఉంది అంటే నమ్మడమే. అలా బాగానే ఉందని వచ్చినవాటిలో ఒకదానికి మూల లేదు, ఒకదాని వెనక అన్నం మెతుకులతో ఎవరో ట్రంకుపెట్టెకు అంటించి పీకిన మరక, ఇంకొకటి నిన్నగాక మొన్న అచ్చేసి టీ నీళ్లలో ముంచి ముసలిదాన్ని చేసిన దొంగబొమ్మ. దాని బదులు మళ్లీ ఇంకొకటి కొన్నాను. వేలం ముగిసే ఆఖరి నిమిషాల్లో ఊరూ పేరూ తెలియనివాడెవడో ఒక మెట్టు పెంచితే నేను రెండు మెట్లు పెంచేవాణ్ని, నా చెయ్యి నా మాట వినేది కాదు. చేపలరేవులో పాట పాడేవాళ్లకైనా బుట్టలో సరుకు కళ్లెదుట ఉంటుంది.

ఇంత పిచ్చి ఎందుకంటే, ఆ బొమ్మలు నావి కావు, మా అక్కవి. మా నాన్న పోర్టులో కళాసీ, మేము పోర్టు క్వార్టర్సులో పెరిగాం, ఓడ కూత వినపడితే నిద్రలేచే ఇళ్లు అవి. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆడపిల్లకు క్రికెట్ ఏమిటని మా క్వార్టర్ల వరసలో అందరూ వేళాకోళం చేసే రోజుల్లో రేడియోకు చెవి ఆనించి సగం అర్థమయ్యీ సగం కాని వ్యాఖ్యానం వింటూ కూచునేది. బడికి వెళ్లడానికి ఇచ్చిన బస్సు డబ్బులు మిగుల్చుకుని, రానూపోనూ నడిచి, గమ్ పొట్లాలు కొనేది. గమ్ నేను నమిలేవాణ్ని, బొమ్మ తను దాచుకునేది. అలా రెండేళ్లలో తనకు నచ్చిన పదకొండుమందిని ఏరి ఒక జట్టు చేసుకుని పౌడరు డబ్బాలో పెట్టుకుంది. ఆట ఉన్న రోజున వాళ్లను నేలమీద వరసగా పరిచి, వికెట్ పడ్డప్పుడల్లా ఒకరిని బోర్లా తిప్పేది. డ్యూటీ దిగి వచ్చిన నాన్నకు క్రికెట్ ఓనమాలు రాకపోయినా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, “పడుకున్నోళ్లెంతమందే?” అని అడిగేవాడు.

ఆ ఏడాది మా తరగతిలో క్రేన్ డ్రైవరుగారి కొడుకు ఒక పెన్ను తెచ్చాడు. ఏ విదేశీ ఓడలో నావికుడో వాళ్ల నాన్నకు ఇచ్చిందట. సగం దాకా గాజులా ఉండి లోపల నీలం నీళ్లు, ఆ నీళ్లలో బుల్లి ఓడ, పెన్ను వంచితే ఓడ ఇటు రేవునుంచి అటు రేవుకు మెల్లగా జారిపోయేది. నాకు దానితో అన్నం సయించలేదు. వాడు అడిగింది అక్క డబ్బాలోని పదకొండు బొమ్మలు. ఒక్కరో ఇద్దరో కాదు, జట్టు మొత్తం. అక్క పరీక్షకు వెళ్లిన పూట డబ్బా ఖాళీ చేసి ఇచ్చేశాను. బేరం చెయ్యాలన్న తెలివి నాకు అప్పుడూ లేదు. ఆ పెన్నును ఇంట్లో ఎవరికీ చూపించలేక స్నానాలగది గోడ పగులులో దాచాను, నెల తిరక్కుండా నీళ్లు కారిపోయి ఓడ అడుగున అంటుకుపోయింది. వాళ్ల నాన్నకు వేరే ఊరికి బదిలీ అయి ఆ కుర్రాడూ బొమ్మలూ వెళ్లిపోయారు.

ఖాళీ డబ్బా చూసి అక్క ఏడుస్తూ నన్ను పట్టుకుని అడిగితే, అమ్మ పాత కాగితాలనుకుని నీళ్లపొయ్యిలో వేసేసిందని చెప్పాను. ఎలా వచ్చిందో నోటికి, అంత చక్కని అబద్ధం నేను మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. అక్క విసురుగా అమ్మ దగ్గరికి పోయి నిలదీసింది. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తి నావైపు ఒక్కసారి చూసింది. తరవాత అక్కతో, “అవునే, సూసుకోలేదు, పాత కాయితాలనుకున్నాను,” అంది. అక్క మూడురోజులు అమ్మతో మాట్లాడలేదు, అమ్మ పెట్టిన అన్నం తినలేదు. నాలుగోరోజు మామూలుగా వచ్చి అమ్మ పక్కన కూచుని తింటే, పిల్లలు కదా, మరచిపోయిందనుకున్నాను.

మరచిపోలేదు. పెద్దయ్యాక ప్రతి పెళ్లిలోనూ ప్రతి గృహప్రవేశంలోనూ నలుగురిలో కూచుని, మా యమ్మ నా జట్టంతటినీ పొయ్యిలో పెట్టీసింది అని చెప్పి నవ్వించేది. అమ్మ కూడా నవ్వేది. నేను ఆ పందిరిలో ఉండలేక ఏదో పనున్నట్టు లేచి వెళ్లేవాణ్ని. చెప్పేద్దామని ఎన్నిసార్లనుకున్నానో. ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, వాయిదా మీద వాయిదా వేసుకుంటూ పోయాను, చివరికి అమ్మే వెళ్లిపోయింది. చెయ్యని తప్పుకు కూతురి దగ్గర దోషిగానే అమ్మ పోయిందన్న బాధ నన్ను కుదురుగా కూచోనివ్వలేదు. నోటితో చెప్పే ధైర్యం లేక, బొమ్మలు కొని చేతిలో పెడితే ఆ ఊపులో మాట అదే వస్తుందని ఈ వేలాల్లో పడ్డాను.

మొన్న ఆదివారం పదకొండూ పట్టుకుని దువ్వాడలో అక్క ఇంటికి వెళ్లాను. బావ కూరగాయలకు వెళ్లిన సమయం చూసి బల్లమీద పరిచాను. అక్క కళ్లజోడు పెట్టుకుని, “ఏట్రా ఇవి, ఎక్కడ దొరికినాయి?” అంటూ ఒక్కొక్కటే చేత్తో తడిమింది. నేను పెన్ను దగ్గర మొదలుపెట్టి నీళ్లపొయ్యి దాకా ఒక్క గుక్కలో చెప్పేశాను, తల ఎత్తకుండానే. అక్క చేతిలో ఉన్న బొమ్మను బల్లమీద పెట్టింది. తరవాత మెల్లగా అంది.

“అమ్మ నాలుగోనాడే సెప్పీసిందిరా నాకు. గుంటడు బయపడిపోయి అలాగనీసినాడే, ఆణ్నేటీ అడక్కు, ఆడే సెప్తాడు ఒకనాటికి, అని ఒట్టేయించుకుంది. పెళ్లిళ్లలో ఆ మాట నీ మొకం సూసే అనీదాన్ని, ఇప్పుడన్నా సెప్తావేమోనని. నువ్వేమో లేసి లడ్డూల కాడికి పోయీవోడివి.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అమ్మ దోషిగా పోలేదు, అసలు మూడు రోజులు మించి దోషిగా లేనేలేదు. ఇన్నేళ్లు మోసిన బరువు ఎవరూ నా నెత్తిన పెట్టింది కాదని తెలిస్తే ఒళ్లంతా తేలికైపోయింది. అక్క ఈలోగా బొమ్మలు వరస పెడుతూ ఆగి, నేను అన్నిటికంటే ఎక్కువ పోసి కొన్న ఆ ఆఖరి బొమ్మ పైకెత్తి, ఇతగాడు అసలు నా జట్టులో లేడురా అంది. నా మొహం చూసి జాలిపడి, “పోన్లే, ఈణ్ని జట్టుకి నీళ్లు మొయ్యడానికి ఉంచుకుందాం,” అని పక్కన పెట్టింది. అలాగైతే పదిమందే అయ్యారు, ఇంకొకణ్ని కొంటానంటే నా ఫోను లాక్కుని ఆ వేలాల యాప్ తనే తీసేసింది. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ అక్కకు ఫోన్ చేసి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో మెట్ల దగ్గర కూడా కెమెరా ఉంది. ఎవరి పిల్లాడు బల్బు పగలగొట్టాడో పది నిమిషాల్లో తేలిపోయి వాట్సాప్ గ్రూపులో పడుతుంది, సాయంత్రానికల్లా తల్లీదండ్రీ వాడిచేత అందరికీ సారీ చెప్పిస్తారు. నిజం అంత తొందరగా తేలడం మంచిదే కావచ్చు. కాని నేరం ఎవరిదో తెలిసి కూడా, దాన్ని తనమీద వేసుకుని, పిల్లాడు తనంతట తాను వచ్చి చెప్పేదాకా కూచునే మనుషులు మన ఇళ్లల్లో ఉండేవారు, వాళ్లను మనం అప్పుడు గుర్తించలేదు. అక్క ఒట్టు నిలబెట్టుకుంది. ఒకనాటికి వాడే చెప్తాడన్న అమ్మ మాటా నిలబడింది. వినడానికి అమ్మ ఉన్నన్నాళ్లూ నేనే చెప్పలేదు.