డబ్బాల కూసున్న కోడి

ఆ దినాలల్ల మా శంషాబాద్ దిక్కు ఎవర్ని కదిపినా ఇమానం ముచ్చటే. ఎయిర్‌పోర్టు కొత్తగ తెరిచిండ్రు, ఊర్లె సగం మంది తెల్లకార్లు కొని కిరాయిలకు తిప్పుతున్నరు. మా ఆయన ఒక్కడే వాళ్ల నాయిన నడిపిన పాత అంబాసిడర్‌ను పట్టుకొని కూసున్నడు. నేనేమో ఆ ఇంటికి కొత్త కోడల్ని. ఆయన నా మొకం జూసిన దానికంటె ఆ కారు మూత లేపి లోపలికి జూసిందే ఎక్కువ (కుళ్లుకున్న అనుకోకుండ్రి. సరే, జర కుళ్లుకున్న).

ఆ కారు ఇంజన్ మీద చిన్న గంపంత నల్ల డబ్బా ఒకటి ఉంటుండె. ఎయిర్ క్లీనర్ అంటరు. ఇంజన్ పీల్చే గాలిల దుమ్మును ఆపుడు దాని పని, కారుతోనే పుట్టింది. ఒకనాడు ఆయన ఆరాంఘర్ దాక పోయి, చెంబంత ఉండి మిలమిల మెరిసే జాలీ క్లీనర్ ఒకటి తెచ్చిండు. పాతది ఊడవీకి పెరట్ల పారేసి దీన్ని బిగిచ్చిండు. ఇగ కారు చాలూ చేస్తే గుర్రుమనుడు వాడకట్టంత ఇనవడేది. ఏంది గిది, జలుబు చేసిందా అని అడిగిన. జలుబు కాదే, ఇప్పుడు మంచిగ ఊపిరి తీస్తున్నది అన్నడు, తన ముక్కు దిబ్బడే ఇడిసినంత సంబురంగ. పాలోడొచ్చినా, చీటీలామె వచ్చినా మూత లేపి సూపెట్టుడే. నేను ఆ పాత డబ్బాను బూడిదేసి తోమి గోడవారకు పెట్టిన (మా ఇండ్లల్ల ఇనుము పారేస్తరా).

గప్పుడే దుబాయి నుంచి మా బావ, అంటే మా ఆయన అన్న, సెలవు మీద వచ్చిండు. తోల్కరానీకి ఆ కారే పోయింది. కొత్త జాలీ ఊర్ల దుమ్మంత మింగేసరికి కారు తొవ్వల రెండుసార్లు దగ్గి ఆగింది. బావ చెవులు మూసుకొని ఎక్కినోడు, చెమటలు కక్కుకుంట దిగిండు. దీన్ని ఇగ ఇడువురా తమ్మీ, నేను పోయేలోపు అమ్మేద్దాం, నీకు కొత్తది నేనే ఇప్పిస్త అన్నడు. నాయిన పోయినంక తమ్ముణ్ని సాదింది ఆయనే. మా ఆయన ఏనాడూ అన్నకు ఎదురు చెప్పలే, ఆ పొద్దు గూడ "సరే అన్నా" అన్నడు. అని, బువ్వ కాడి నుంచి లేచిపోయి, పసుపుపచ్చ గుడ్డ పట్టుకొని కారు లైట్లు తుడుసుకుంట కూసున్నడు. తుడిసిందే తుడుసుడు. గప్పుడు నాకు కారు మీద కుళ్లు పోయి మనిషి మీద పానం కొట్టుకున్నది.

పట్నం నుంచి కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన వచ్చిండు, పాత కార్లంటే ఆయనకు పిచ్చంట. కారు సుట్టూ తిరిగి మురిసిపోయిండు. మూత లేపంగనే మొకం మాడిపోయింది. "దీని అసలు ఎయిర్ క్లీనర్ ఏదండీ? కారుతో వచ్చిన సామాను మొత్తం ఉంటేనే తీసుకుంటాను" అన్నడు. ఉన్నది, పెరట్ల ఉన్నదని బావ ముంగట నడిసిండు, మేమంత ఎనుక నడిసినం. పోయి చూస్తే డబ్బాల గడ్డి, గడ్డి మీద మా ఎర్రకోడి, కోడి కింద గుడ్లు. బావ చెయ్యి పెట్టిండో లేదో, ఈకలు లేపి ఏలు మీద పొడిసింది.

మా అత్త కట్టె పట్టుకొని అడ్డమొచ్చింది. పొదుగు మీద ఉన్న కోడిని కదిలిచ్చిన ఇంట్ల బర్కత్ ఉండదని, ఏదీ కలిసిరాదని ఆమె పట్టు. పెద్దమనిషి మెల్లగ, వేరే గంపలోకి మార్చొచ్చు కదండీ అన్నడు. అత్త ఆయన్ని కిందికెల్లి మీదికి జూసింది. "తానం చేస్తుండంగ నిన్ను లేపి ఇంకొకలింట్ల నిలవెడితే ఊకుంటవా బిడ్డా?"

ఆయన నవ్వుకుంట పోయిండు. పిల్లలైనంక కబురు చెయ్యుండ్రి అన్నడు గాని, ఆలోపు వేరే కారు దొరికిందంట. కోడి లేవకముందే బావ సెలవు అయిపోయింది. మల్ల ఆ గుర్రుమనే కారే ఎక్కిండు. ఎయిర్‌పోర్టు గేటు కాడ దిగి, ఏలుకు కట్టిన గుడ్డపేలిక జూసుకుంట మా ఆయనతోని అన్నడు: "నీకంటె నీ కోడే నయం రా. అమ్మొద్దని మొకం మీదనే చెప్పింది."

పిల్లలు లేచి, కోడి వాటిని ఎంటవెట్టుకొని పోయినంక నేను డబ్బా కడుగుదామని గడ్డి తీసిన. అడుగున నాలుగు మడతల పసుపుపచ్చ గుడ్డ ఉన్నది. గుడ్లు ఏసి కోడిని కూసోవెట్టింది అత్త అని నేను, నేనని అత్త, అన్ని దినాలు గట్లనే అనుకున్నం. ఎనుకకు మర్రి జూస్తే ఆయన గడపల నిలవడ్డడు, బడి ఎగ్గొట్టిన పిలగాని లెక్క. నేను డబ్బా చేతికిచ్చి, ముసలి కారు ముక్కు దానికి పెట్టు అన్న. ఆ పొద్దే బిగిచ్చిండు. గుర్రు ఆగిపోయింది.

ఇప్పుడు ఆయన లేడు. కారు మాత్రం రేకుల కింద ఉన్నది. అప్పుడప్పుడు మూత లేపి చూస్త. డబ్బా అంచుకు ఎర్ర ఈక ఒకటి ఇంక అతికే ఉన్నది, దాన్ని నేను తియ్య. పక్కింటి కోడలు నవ్వుతది, ఏం అక్కా, నడవని కారును రోజు ఎందుకు తుడుస్తవు అని. ఆ కారును జూసి కుళ్లుకున్న ఆనాటి కొత్త పెండ్లికూతురు ఇప్పుడు నన్ను జూస్తే ఇంక ఎంత నవ్వునో.