కొసరు పురుగులు

ఆ రోజుల్లో (మరీ పాతవేం కాదు, కొబ్బరితోటలకు తెల్లదోమ కొత్తగా వచ్చిన రోజులు) ప్రొద్దుటూరులో బేరం రానివాణ్ణి మనిషి కింద జమకట్టేవాళ్లు కాదు. గుడ్డలంగడి గల్లా పక్కన పెరిగిన నేను అందులో మొనగాణ్ణి. అట్లాంటివాణ్ణి, దుడ్లిచ్చి కొన్న పురుగులను నా చేత్తోనే మూట విప్పి గాలికొదిలేసినా. ఇంత ఘనకార్యం మా బజారులో ఇంకెవురూ చేసుండరని ఛాతీ విరుచుకుని చెప్పగలను.

పులివెందుల కాడ మా మేనమామ కొబ్బరితోటకు ఆ ఎండాకాలం తెల్లదోమ పడి, దాని జిగురు మీద మసి పట్టి, మట్టలన్నీ పొయ్యిలోంచి తీసినట్టు నల్లబడినాయి. మందు కొట్టీ కొట్టీ విసిగిన మామ, గొడ్డలివాళ్లను పిలిపించి నాలుగు చెట్లు కొట్టించినాడు. మిగతావీ కొట్టిస్తానంటే, నీళ్లు మోసి వాటిని పెంచిన మా అత్త అన్నం మానుకునింది. అప్పుడు నేను అడ్డం పడినా. జమ్మలమడుగులో ఒక మేడమ్ తెల్లదోమను చంపే మిత్రపురుగులను పెంచుతాందంట, తెస్తాను, దసరా దాకా గొడ్డలీ మందూ రెండూ ఆపమన్నా. మామ ఎగాదిగా చూసి సరేనన్నాడు. పండగ దాటితే మాత్రం తనకెవురూ చెప్పగూడదన్నాడు.

మేడమ్ కొబ్బరాకు ముక్కలు చూపించింది. వాటికంటుకున్న నల్లచుక్కలే సరుకు (నువ్వుగింజ వాటి ముందు గుమ్మడికాయ). రేపు పొద్దున రెక్కలొచ్చి బయటికొస్తాయి, చెట్టు కాడికి పోయేదాకా మూట విప్పొద్దని మరీ మరీ చెప్పింది. నా ధ్యాసంతా ధర మీదుంటే ఇంక వినేదెక్కడ? ఎంతకీ తగ్గకపోతే, కొసరన్నా వెయ్యమన్నా.

"పురుగులకు కొసరేందప్పా, వంకాయలా ఇయి?"

"కొసరు లేకుండా మా ఇంట్లో రవికగుడ్డ కూడా కొనం మేడమ్."

ఆమె నవ్వి, ఒక ముక్కను ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి నా జేబులో పడేసింది.

ముద్దనూరు మీద నేరుగా పులివెందులకు పోవచ్చు. కానీ నా గొప్ప నాయనకు చూపించుకోవద్దా? ప్రొద్దుటూరులో దిగినా. తెల్లారి అంగడి తీస్తానే నాయన అడిగిందొకటే, సరుకు చూసుకున్నావా అని. విప్పి చూడని మూట మా గడప దాటదు. లేదంటే పరువేముంటుంది? బల్ల మీద విప్పినా. సన్నటి పొడి లాంటిది లేచి, ట్యూబులైటును ఒక చుట్టు చుట్టి, చీరల మడతల్లోకి కొంత, ఫ్యాను గాలికి బజారులోకి కొంత సాగిపోయింది. నాయన ఖాళీ ఆకులను అటూ ఇటూ తిరగేసి చూసినాడు.

"బేరం శానా బాగుంది రా. గాలి కొనుక్కొచ్చినావు."

అగ్గిపెట్టె మాత్రం జేబులోనే మిగిలింది. కొసరును తనిఖీ చేసేదెవురు? దాన్నే పట్టుకుని బస్సెక్కి, అన్నిటికంటే నల్లబడిన చెట్టుకు ఆ ముక్క కట్టినా. మూట సంగతి మామకు చెప్పే ధైర్యం లేక అత్తకు చెప్పినా. ఆమె కడుపు పట్టుకుని నవ్వి, మందు కొట్టే పంపును గడ్డివాములో దాచేసింది.

దసరా ముందర ఫోను చేసింది కూడా ఆమే. "అల్లుడా, నువ్వు కట్టిన చెట్టు కొత్త మట్టలు కడిగినట్టుండాయి. పక్క చెట్లకూ పచ్చ తిరగతాంది. మీ మామ పొద్దున్నుంచి తల పైకెత్తుకుని తోటంతా తిరగతాండాడు."

నికరంగా లెక్క తేల్చుకుంటే, దుడ్లిచ్చి కొన్న పురుగులు మా అంగడి చీరలకు కాపలా కాసినాయి. తోటను నిలబెట్టింది ఊరకే వచ్చిన అగ్గిపెట్టెడు. అందులో వానల వంతెంతో, మందు మానిన వంతెంతో మేడమే చెప్పలేనంది. ముందే పడిన నాలుగు చెట్లు ఏ బేరానికీ తిరిగి రావు. మిగిలినవన్నీ కాస్తాండాయి. పోయినేడు మేడమ్‌కు ఒక గోనె కాయలు పంపుతా, మూతి కుట్టే ముందు పైన ఇంకో నాలుగు వేసినా. ఎవురూ అడక్కుండా నేనిచ్చిన కొసరు, ఇప్పటిదాకా, అదొక్కటే.