ఒక్కడు పట్టే డేరా

మగ్గం ఆగింది కాబట్టి నేను డేరాలోంచి బయటికి వచ్చాను. నాలుగడుగులు వేశానో లేదో, వెనక పాత మట్టిగోడ కూలి, అప్పటిదాకా నా తల ఉన్న చోట పడింది.

మిట్టమధ్యాహ్నం. వాన వెలిసి సన్నగా ఎండ కాస్తోంది. భీమా నది ఒడ్డున, ఊరికి దూరంగా పాడుబడిన సత్రం గోడ అది. కనుచూపు మేరలో ఇల్లు లేదు. మగ్గం అసలే లేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ దయ్యం కబురు తెచ్చిన ప్రతివాడినీ "నువ్వు చూశావా, చూసినవాడు నీకు చెప్పాడా" అని అడిగి పంపించేవాడిని. అదే ప్రశ్న నాకు నేనే వేసుకుంటే, చూడలేదు, విన్నాను అని మాత్రం చెప్పగలను.

ముప్పైల దశకంలో షోలాపూర్‌లో ఒక దినపత్రికకు రాసేవాడిని. తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ళ పేటలో ఒక గదిలో అద్దెకు ఉండేవాడిని. గోడకు ఆవల రాజయ్య మగ్గం. ఆయన భార్య నర్సవ్వను అక్కా అని పిలవడంతో ఆయన నాకు బావ అయ్యాడు. ఆయనకు ఎడమకాలు కొంచెం పొట్టి. దానివల్ల ఆ మగ్గానికి ఒక నడక ఉండేది. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, మూడోది కాస్త ఆగి.

ఆ పేటలో ఉన్నవాళ్ళకు ఒక అలవాటు పడుతుంది. మగ్గం ఆడుతుంటే నిద్రపోతారు, ఆగితే లేస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు వింటే నవ్వుతారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళూ అంతే.

ఒక వానాకాలంలో భీమా ఒడ్డు పల్లెలు నడిచి చూసి రాయమని మా సంపాదకుడు చెప్పారు. బురదలో బండి పోదు. ఏ ఊరి చావడిలో చోటు దొరుకుతుందో తెలియదు. వీపున మోసుకుపోయే డేరా ఒకటి కావాలి. అంతకుముందే సైకిలు మీంచి పడి నా నడుము దెబ్బతింది. డేరా బరువైతే నడుము పోతుంది, పలచనైతే వానలో జ్వరం తగులుతుంది. ఎలా చూసినా ఒక్కణ్ణే, దారిలో పడిపోతే చూసే దిక్కు లేదు.

బజారులో పాత పటాలపు డేరా ఒకటి చూశాను. గట్టి కాన్వాసు, మూతికి వరసగా తాళ్ళ కట్లు. దాన్ని భుజాన వేసుకుని కుంఠా నాకా కూడలి దాకా నడిచి చూశాను. తిరిగి వస్తుంటే అరుగు మీద రాజయ్య బావ ఎగాదిగా చూశాడు.

"బామ్మర్దీ, నువ్వు దాన్ని మోస్తవా, అది నిన్ను మోస్తదా?"

తరువాత మైనపు గుడ్డ. తేలికే. కానీ దాని కింద కాసేపు పడుకుంటే బయటి వాన అక్కర లేకుండా నా ఆవిరికే చొక్కా తడిసింది.

చివరికి బావే నేశాడు. సన్న నూలు, చాలా దగ్గరి నేత. తడిస్తే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయని ఆయన ధీమా. నర్సవ్వక్క కుట్టింది. ముందు గుంజ అక్కరలేదు, నా చేతికర్రే గుంజ. మడిస్తే దిండంత. మూతికి కట్లు పెట్టమంటే మాత్రం బావ ఒప్పుకోలేదు.

"కట్లెందుకు? లోపల నువ్వు తప్ప దొంగకు ఏం దొరుకుతది?"

వాకిట్లో డేరా వేసి, నన్ను లోపల పడుకోబెట్టి, అక్క పైనుంచి బిందెడు నీళ్ళు పోసింది.

"తడిసినవా తమ్మీ?"

"కాళ్ళు తడిసినయక్కా."

"అయితే కాళ్ళు ముడుచుకొని పండు."

అలా కుదిరింది బేరం.

దారిలో ఆ డేరా నన్ను చాలా వానల నుంచి కాపాడింది. గోడ కూలిన రోజు పొద్దుటి నుంచి తడుస్తూ నడిచి, గాలికి అడ్డుగా ఉంటుందని ఆ గోడ పక్కన డేరా వేసి, తల గోడవైపు పెట్టి పడుకున్నాను. మగ్గం చప్పుడు వినిపించింది. రెండు దగ్గరగా, మూడోది ఆగి. నాకు వింతగా తోచలేదు. ఇంట్లో ఉన్నట్టే నిద్రపోయాను. అది ఆగింది. ఇంట్లో లేచినట్టే లేచి, వేలాడే గుడ్డ తోసుకుని బయటికి పాకాను. కట్లు ఉండి ఉంటే విప్పుతూ లోపలే కూర్చునేవాడిని.

ఇంటికి వచ్చాక ఇద్దరికీ చెప్పాను. చెవికి పట్టిన అలవాటే అయ్యుంటుందని నేనే ఒక కారణం కూడా జోడించాను. అక్క నవ్వలేదు. ఏ రోజని అడిగింది. సోమవారం అన్నాను.

"గా దినం అమాస."

అమావాస్య నాడు ఆ పేటలో మగ్గం ముట్టరు.

"నేను వంటింట్ల ఉన్న. పగటీలి, పొద్దు నడినెత్తి మీదున్నప్పుడు, మగ్గం ఆడుతున్న చప్పుడు. అమాస నాడు గిదేం పాడుబుద్ధి అని తిట్టుకుంట పోయి తలుపు తీసిన. గప్పున ఆగింది. లోపల ఎవ్వలు లేరు. ఈన అరుగు మీద గురక పెడుతుండు."

"నేనైతే మగ్గం మీద బిల్కుల్ కూసోలే," అన్నాడు బావ. ఆయన గొంతులో వేళాకోళం లేదు.

అమావాస్య ముందు మగ్గం దిగేటప్పుడు, నేసినంత మేరకు అంచున కుంకుమ బొట్టు పెట్టడం ఆయన అలవాటు. నన్ను మగ్గం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. అమావాస్య మర్నాడు తెల్లారి ఆయన చూసేసరికి బొట్టు దాటి జానెడు కొత్త బట్ట ఉందట. దాని చివర ఒక నల్లదారం కట్టి, ఆ తరువాతే తన పని మొదలుపెట్టాడు.

"గా జానెడు నాది కాదు. దాన్ని నేను అమ్మను," అన్నాడు.

నేసిన బట్ట థాను మగ్గం మీంచి దిగాక అక్క ఆ ముక్కను కత్తిరించి, గోడ పడి చిరిగిన నా డేరాకు మాసిక వేసింది. నువ్వు తలుపు తీయకపోతే మగ్గం ఆగేది కాదు, నేను లేచేవాడిని కాను అని దణ్ణం పెట్టబోతే చేయి పట్టుకుని ఆపింది.

"నేను మీ బావను తిట్టవోయిన. నీ పానం దక్కింది. ఇంక రోజూ తిడత."

ఆ దంపతులిద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళను తలచుకోని రోజు నాకు లేదు. డేరా నా దగ్గరే ఉంది. మాసిక వేసిన నాడు బావ ఆ ముక్కను వేలితో చాలాసేపు తడిమి చూశాడు. నేత తన చేతిదే అన్నాడు. తాను నేయలేదని మాత్రం కడదాకా చెప్పాడు.