మమ్మల్ని చెల్లి పిల్లలన్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. అరకు సంత నుంచి పసుపు దించుకొచ్చిన మనిషి మా బడి గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట చెప్పాడు. పిల్లలను ఇళ్ళకు పంపేసి, శృంగవరపుకోట నుంచి ఘాటీ ఎక్కాను. దారి పొడవునా ఒకటే బెంగ. ఆమె కూతురికి కబురు ఎవరు చేరవేస్తారు?

ఆమెకూ నాకూ రక్తసంబంధం లేదు. గూడెం కొండల్లో తెల్లదొరల మీద పితూరీ లేచిన రోజుల్లో, పితూరీదార్లకు బియ్యం పెట్టారని పటాలం వాళ్ళు మా ఊరు తగలబెట్టి మా నాన్నను పట్టుకుపోయారు. అమ్మ అంతకు ముందే జ్వరంతో పోయింది. నేనూ చెల్లెలూ కొండలు పట్టుకు నడిచి నడిచి, పేరైనా తెలియని ఆ ఊళ్ళో ఆమె పెరట్లో కూలబడ్డాం. మా వైపు మాట వాళ్ళకు రాదు, ఒడియా కలిసిన వాళ్ళ మాట మాకు రాదు. అందరికీ వచ్చిన సంత తెలుగులో "కూడు తిన్నారేటి?" అని అడిగింది. ఎవరు, ఏ ఊరు అన్నది మేం తిన్నాకనే అడిగింది.

ఊరికి పెద్ద అయిన నాయుడు వచ్చి మమ్మల్ని పంపేయమన్నాడు.

"పటాలపోళ్ళకి తెలిస్తే ఊరంతా కాల్సేత్తారు."

"పసిగుంటలకి పితూరీ ఏటి తెలుసు, నాయుడూ? కాలిస్తే మళ్ళీ కట్టుకుందుం. గడ్డి లేదా, కర్ర లేదా?"

జవాన్లు రానే వచ్చారు. ఈ పిల్లలెవరని గద్దించారు. ఆమె సామలు చెరుగుతున్న చేట ఆపలేదు. "సెల్లి పిల్లలండి. తల్లి సచ్చిపోనాది" అంది. నా చెల్లెల్ని దగ్గరికి లాక్కుని కొంగుతో ముక్కు తుడిచింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఆమె మాకు పెద్దమ్మ.

అంబలి పోస్తూ మా వైపు మాటలు చెప్పించుకునేది. ఆమె తప్పు పలికితే చెల్లెలు నవ్వేది. "మీ మాట మరిసిపోకండి. మీ అయ్య తిరిగొస్తే ఏటనుకుంటాడు?" అనేది. నాన్న తిరిగి రాలేదు.

ఆమెకు నా ఈడు కూతురు ఉండేది. పక్క కొండ ఊరి వాళ్ళకు పిల్లనిస్తామని మాటిచ్చారు, ఇరువైపుల వాళ్ళూ కూర్చుని కల్లు తాగడం కూడా అయింది. పెళ్ళికొడుకును సంతలో చూసి ఆ పిల్ల నవ్వు దాచుకోవడం నేను చూశాను. మా సంగతి పొక్కాక వాళ్ళ మనిషి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "పితూరీ పిల్లలున్న ఇంట పిల్లని సేసుకోం" అనేసి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల రోకలి కింద పెట్టకుండా దంచుతూనే ఉంది.

"మేం పోతాం పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు పోతే ఆళ్ళు తిరిగొత్తారేటి? కూకో."

కూతుర్ని చివరికి కురుపాం అవతల, పెళ్ళాం పోయినవాడికి ఇచ్చింది. నా చెల్లెలికి మాత్రం ఆ ఊళ్ళోనే సంబంధం చూసింది. నన్ను కొండ కిందికి పంపి చదివించింది. కన్నబిడ్డ కొండలవతల, దారిన వచ్చిన బిడ్డ పక్కింట్లో. ఆ మాట ఏనాడూ ఎత్తలేదు. సెలవులకు వెళ్ళి ఆమె వడ్డించిన కూడు ముందు కూర్చున్నప్పుడల్లా, ఒక్కసారి తిట్టినా బాగుండునని అనుకునేవాణ్ణి.

పోయే ముందు జ్వరంలో పెద్దమ్మ కూతురి పేరే పిలిచిందట. పక్కన కూర్చున్న నా చెల్లెలు ఆ పేరుకు "ఆఁ, అమ్మా" అని పలికిందట.

కబురు వెళ్ళింది, కూతురు వచ్చేదాకా ఆగుదామన్నాను. వానాకాలం, శవం ఆగదన్నారు. కొడుకు లేడు గనక నిప్పు నన్నే పెట్టమన్నాడు ఆ నాయుడు. పెట్టాను. ఆ పిల్ల నిలబడవలసిన చోట అప్పుడూ నేనే నిలబడ్డాను.

బూడిద చల్లారిపోయాక కూతురు వచ్చింది, వీపున బిడ్డతో, మోకాళ్ళ దాకా బురదతో. నేను తల ఎత్తలేకపోయాను.

"అమ్మ ఏటన్నాది?"

"నీ పేరే పిలిచింది."

ఆమె వీపు మీది గుడ్డ ముడి విప్పి, బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ఏడవకు, మీ మావేరా" అని వాడికి చెప్పి, కట్టెలు కాలిన చోటికి ఒక్కతే నడిచి వెళ్ళింది. వాడు ఏడవలేదు. నా చొక్కా గుండీ గుప్పిట పట్టుకుని, తల్లి వెళ్ళిన వైపే చూస్తూ ఉన్నాడు.